ఫరో కుమార్తెను చూడటానికి ఎవరు వెళ్లారు?



మొదటి రాజుల గ్రంథం 3వ అధ్యాయం మొదటి వచనంలో సొలొమోను ఐగుప్తు రాజైన ఫరో కుమార్తెను పెండ్లి చేసుకున్నాడని చదువుతాం. మనం అక్కడ ఆగకుండా, ఆయన జ్ఞానం అడిగిన ప్రార్థన దగ్గరకు వెళ్లిపోతాం. కానీ ఐగుప్తు రాజుల అలవాటు తెలిస్తే ఈ వచనం దగ్గర ఆగక తప్పదు. వాళ్లు పిల్లను తెచ్చుకునేవారే గాని ఇచ్చేవారు కారు.

1887లో ఐగుప్తులోని అమర్నా దగ్గర మట్టి పలకల మీద రాసిన ఉత్తరాలు దొరికాయి. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దం నాటివి, అంటే సొలొమోనుకు సుమారు 400 ఏండ్ల ముందటివి. బబులోను రాజు కదష్మాన్ ఎన్లిల్, ఫరో మూడవ అమెన్‌హోతెపును పిల్లనడిగాడు. ఐగుప్తు రాజు కుమార్తెను ఎవరికీ ఇవ్వడం పూర్వం నుండి లేదని జవాబు వచ్చింది. బబులోను రాజు ఏమన్నాడో తెలుసా? పోనీ, ఎవరైనా అందమైన స్త్రీని పంపు, ఆమె రాజు కూతురు కాదని ఎవరంటారు అన్నాడు! అతనికి కావలసింది కోడలో భార్యో కాదు, పరువు.

ఇదే అమెన్‌హోతెపు మాత్రం మితన్ని దేశపు రాకుమార్తె గిలుఖెపను తెచ్చుకున్నాడు. పేడపురుగు ఆకారంలో చెక్కించిన రాతి ముద్రల మీద ఆ సంగతి గొప్పగా రాయించాడు. ఆమెతో వచ్చిన స్త్రీలు 317 మంది. అంకె ఉంది గాని వాళ్లలో ఒక్కరి పేరూ లేదు.

పట్టపురాణి తీయె సంగతి వేరు. ఆమె రాచకుటుంబంలో పుట్టలేదు. అయినా ఆమె తల్లిదండ్రులైన యూయా, తూయాల పేర్లు రాజముద్రల మీదికెక్కాయి. భర్త చనిపోయాక మితన్ని రాజు తుష్రత్త నేరుగా ఆమెకే ఉత్తరం రాశాడు. రాజ్యాల మధ్య జరిగిన మాటలన్నీ ఆమెకు తెలుసునని అతనికి తెలుసు. మోషేను ఎత్తుకున్న రాకుమార్తె ధైర్యం మనకు వింతగా అనిపిస్తుంది గాని, ఐగుప్తు రాజగృహంలో కొందరు స్త్రీలకు అంత మాట చెల్లేది.

అందరికీ కాదు. ఆ పలకల్లో మా మనసును ఎక్కువగా పట్టుకున్నది మరొక స్త్రీ. ఆమె కదష్మాన్ ఎన్లిల్‌కు చెల్లెలో అక్కో. తండ్రి ఆమెను ఫరోకిచ్చి పంపాడు. ఇప్పుడు ఫరో అదే ఇంటి నుండి మరో పిల్లనడుగుతున్నాడు. అప్పుడు ఆ అన్నదమ్ముడు, మా ఆడపడుచు బ్రతికి ఉందో చనిపోయిందో ఎవరూ చూడలేదే అన్నాడు. అతని మనుషులు వెళ్లారు. అంతఃపుర స్త్రీలను వరుసగా నిలబెట్టి, ఇదిగో మీ దొరసాని అని ఒకామెను చూపించారు. వాళ్లు గుర్తుపట్టలేకపోయారు. ఫరో జవాబు కూడా ఆ పలకల్లో ఉంది: ఆమెను ఎరిగినవాడిని, ఆమెతో మాట్లాడగలవాడిని ఎందుకు పంపలేదు? నువ్వు పంపినవాళ్లు ఏపాటివాళ్లు, ఒకడు గాడిదలు కాచేవాడు! ఫరో తప్పించుకుంటున్నాడు, నిజమే. కానీ ఆ ప్రశ్న పుట్టింటివారికి తగలవలసిందే. కూతురును పంపి, ఆమె ముఖం తెలిసిన ఒక్క మనిషిని కూడా మళ్లీ పంపకపోవడం మన ఊళ్లలో లేనిదా?

ఇప్పుడు సొలొమోను ఇంటికి రండి. ఫరో గెజెరు పట్టణాన్ని పట్టుకొని, కాల్చి, అందులోని కనానీయులను చంపి, దానిని కూతురికి కట్నంగా ఇచ్చాడని 9వ అధ్యాయం 16వ వచనం చెబుతుంది. పాత అలవాటు మారింది, ఐగుప్తు పూర్వపు బలంలో లేదు. కట్నమిచ్చిన ఊరి పేరు వాక్యంలో ఉంది, పిల్ల పేరు లేదు. మరుసటి తరాలు ఆమెను సొలొమోను హృదయాన్ని త్రిప్పిన అన్యస్త్రీల లెక్కలో మొదట చేర్చాయి. మందసమున్న స్థలం పరిశుద్ధం గనుక దావీదు నగరులో తన భార్య నివసించకూడదని సొలొమోను అన్నట్టు రెండవ దినవృత్తాంతములు 8:11లో ఉంది. ఆమెకు వేరుగా ఒక నగరు కట్టించాడు. ఆమె అక్కడికి వెళ్లింది. ఐగుప్తు నుండి ఎవరైనా ఆమెను చూడ వచ్చినట్టు ఒక్క వచనమూ చెప్పదు.