ఇన్‌వర్డు సీటు

1986లో నాకు జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. మా పల్లెలో మొదటి గవర్నమెంటు ఉద్యోగం నాదే. ఆర్డరు కాగితం వచ్చిన రోజు మా అమ్మ దాన్ని చదవలేక చేత్తో తడిమి చూసుకుంది. ఆసామి ఇంట్లో పాలేరుగా అరిగిపోయిన మా నాయన అప్పటికే లేడు.

ఏడేళ్ళూ నన్ను ఇన్‌వర్డు సీట్లోనే కూచోబెట్టారు. వచ్చిన అర్జీకి ముద్ర వెయ్యడం, రిజిస్టర్లో నంబరెక్కించడం, సెక్షనుకి పంపడం. నా తర్వాత చేరినవాళ్ళకి భూముల సీట్లు దక్కాయి. "నీకేందయ్యా, కోటాలో వచ్చావు, హాయిగా కూచో" అనేవాడు హెడ్‌గుమాస్తా. కుండ దగ్గర నా గ్లాసు వేరని ఎవరూ చెప్పలేదు, ఏడాదికి నాకే అర్థమైంది. అదీ ఓర్చుకున్నా. ఓర్చుకోలేనివి అర్జీలు. పట్టా ఇచ్చారుగాని భూమి చూపించలేదనీ, శ్మశానం దున్నేసుకున్నారనీ మావాళ్ళే రాయించుకొచ్చేవాళ్ళు. ఒక ముసలమ్మ ఒకే అర్జీ నాలుగుసార్లు తెచ్చింది. నాలుగుసార్లూ నంబరేశాను. "అయ్యా, నువ్వు మనోడివేగా, పనవుద్దిగా" అంది నాలుగోసారి. మనోణ్ణి అక్కడ కూచోబెట్టింది ఆమె చేతిలో కాగితం అందుకోడానికి మాత్రమే.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మర్నాడు కూడా నేను నంబర్లేస్తూనే ఉన్నాను.

సాయంకాలం కాలేజీలో లా పూర్తిచేసి ఉన్నాను. కానీ ఉద్యోగంలో ఉంటూ వకీలుగా పేరు నమోదు చేసుకోడానికి వీల్లేదు. ఏదో ఒకటే. 1985లో కారంచేడు తర్వాత బొజ్జా తారకంగారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకున్నారని మిత్రులు గుర్తుచేశారు. "బాబాసాహెబు బరోడా కొలువుని తన్నేసి రాలేదా?" అన్నాడు ఒకడు.

తన్నేసి రాలేదు. ఇది మనవాళ్ళు సభల్లో కూడా తప్పు చెప్తుంటారు. బరోడా మహారాజు డబ్బుతో కొలంబియాలో చదివినందుకు పదేళ్ళు కొలువు చెయ్యాలని ఒప్పందం. 1917లో వచ్చి చేరితే బంట్రోతులు ఫైళ్ళు బల్లమీదికి విసిరారు. ఇల్లు దొరక్క పార్సీ సత్రంలో పేరు దాచుకుని ఉంటే, పదకొండో రోజు కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. వదిలి వచ్చింది కాదది, తరిమితే వచ్చింది. బొంబాయిలో ట్యూషన్లు చెప్పాడు, షేర్ల సలహాల వ్యాపారం పెట్టాడు. కులం తెలియగానే బేరాలు ఆగిపోయాయి. 1918లో సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. అక్కడా నీళ్ళకుండ దగ్గర తోటి ప్రొఫెసర్ల అభ్యంతరమే. అయినా చేశాడు. ఎందుకంటే లండన్ చదువుకి డబ్బు కూడబెట్టాలి. 1920లో వదిలాడు, అదీ లెక్క చూసుకుని: దాచిన జీతం, కొల్హాపూరు మహారాజు సాయం, ఒక పార్సీ స్నేహితుడి అప్పు. (సత్రంలోంచి తరిమిందీ పార్సీలే, అప్పిచ్చిందీ పార్సీయే. మనుషుల్ని ఒక గాటన కట్టడానికి లేదు.) హిందూ కోడు బిల్లు ఆగిపోయినప్పుడు 1951లో మంత్రి పదవి వదలడం వేరే కథ. అప్పటికాయన చేతిలో వకీలు పట్టా ఉంది.

ఈ లెక్కే నాకు పనికొచ్చింది. ఆవేశంగా రాసుకున్న రాజీనామా చింపేశాను. చెల్లి పెళ్ళి చేశాను, చీటీ పాట పాడి అప్పు తీర్చాను. "గొడ్డుచాకిరీ చేసి చదివిస్తే ఉజ్జోగం వదులుతావంట్రా? నెలజీతం మనింట్లో ఎవుడన్నా చూశాడా?" అంది అమ్మ. ఆమెకి జవాబు నా దగ్గర లేదు, ఇప్పటికీ లేదు. నేను లేచిన కుర్చీ మళ్ళీ మనోడికే వస్తుందా అన్న భయమూ ఉంది.

1993 ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చాను. ఎవరికియ్యాలి? ఇన్‌వర్డులో. నా కాగితానికి నేనే ముద్రేసి నంబరెక్కించాను. వారంలో మంజూరైంది. ఏడేళ్ళలో ఆ సీటు మీదుగా పోయినవాటిలో అంత తొందరగా తేలిన కాగితం ఇంకోటి చూళ్ళేదు.

అమ్మ మూడునెలలు సరిగా మాట్లాడలేదు. మొదటి ఏడు జీతంలో సగం కూడా రాలేదు. ముసలమ్మ పట్టా భూమి కోసం వకాలతు కాగితం తీసుకుని వాళ్ళ పల్లెకి వెళ్ళాను. ఆమె వేలిముద్ర వేస్తూ అడిగింది, "ఈ కాయితానికి కూడా నెంబరేస్తారా అయ్యా?"