గిన్నెలో మొలిచిన చర్మం

1983 జులై. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం, కాస్పర్ అనే ఊరు. పిల్లలు ఆడుకుంటూ ఒంటికి పెయింటు పూసుకున్నారు. అది వదిలించుకోవడానికి సాల్వెంట్ రాసుకుంటుండగా మంట అంటుకుంది. వాళ్లలో ఇద్దరు అన్నదమ్ములు. ఒకడికి ఐదేళ్లు, ఇంకొకడికి ఆరేళ్లు. ఇద్దరికీ ఒళ్లు 95 శాతానికి పైగా కాలిపోయింది.

అంత కాలిన మనిషి మీద ఆ రోజుల్లో డాక్టర్లు ఆశ వదులుకునేవారు. వేరేవాళ్ల చర్మం అతికిస్తే కొన్నాళ్లకు శరీరం దాన్ని తోసిపారేస్తుంది. సొంత చర్మమే తీసి వేద్దామంటే ఒంటిమీద ఎక్కడా మిగల్లేదు. బోస్టన్‌లోని ష్రైనర్స్ కాలిన గాయాల ఆసుపత్రి డాక్టర్లు వెతికి వెతికి, చంకలో కాలకుండా మిగిలిన చోటు నుంచి తపాలా బిళ్లకన్నా చిన్న ముక్క తీసుకున్నారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో హోవార్డ్ గ్రీన్ అనే శాస్త్రవేత్త ఆ ముక్కలోని కణాలను గిన్నెల్లో పెంచి, పలుచటి పొరలుగా చేసి పంపాడు. డాక్టర్లు వాటిని ఒక్కొక్కటిగా గాయాల మీద పరిచారు. ఒంటి మీద దాదాపు సగభాగాన్ని ఆ పొరలే కప్పాయి. పిల్లలిద్దరూ బతికారు. 1984లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ చికిత్స వివరాలు అచ్చయ్యాయి.

కుందేళ్ల గురించి రాయబోతూ పిల్లల కథతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. జంతువుల మీద ప్రయోగాలు ఆపాలని ఎవరన్నా అంటే, ‘అయితే మనుషుల ప్రాణాలతో ఆడుకోమంటారా’ అనే ఎదురు ప్రశ్న వెంటనే వస్తుంది. కుందేలు వైపా, మనిషి వైపా తేల్చుకోమన్నట్టు ఉంటుంది ఆ ప్రశ్న. చర్మం చరిత్ర చదివితే అలా తేల్చుకోవలసిన అవసరమే లేదని తెలుస్తుంది.

గ్రీన్ బతికున్న చర్మాన్ని పెంచాలని బయలుదేరలేదు. 1970లలో ఆయన మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఉండేవాడు. ఎలుకల్లో వచ్చే ఒక రకం కణితి మీద పని జరుగుతోంది. జేమ్స్ రైన్‌వాల్డ్ అనే విద్యార్థి ఆ కణితి కణాలను పెంచుతుంటే, గిన్నెలో కొన్ని చోట్ల చర్మ కణాల్లాంటివి గుంపులు కట్టి కనిపించాయి. అంతకుముందు చర్మ కణాలను ఒంటి బయట పెంచాలని చూసినవాళ్లకు అవి నాలుగు రోజులుండి చచ్చిపోయేవి. ఇక్కడెందుకు బతుకుతున్నాయి? గ్రీన్, జార్జ్ టొడారో కలిసి 1963లో తయారుచేసిన 3టీ3 అనే ఎలుక కణాలు ఆ గిన్నెల్లో అడుగున పరిచి ఉన్నాయి. రేడియేషన్ తగిలించడంతో అవి తాము పెరగలేవు, పక్కవాటిని మాత్రం సాకుతాయి. ఊళ్లో దాది పరాయి బిడ్డకు పాలిచ్చి పెంచినట్టే. మనిషి చర్మ కణాలను ఆ దాది కణాల మీద వేస్తే అవీ నిలదొక్కుకున్నాయి. ఒక్క కణం నుంచి ఒక గుంపు, ఆ గుంపు నుంచి ఒక పొర. మూడు నాలుగు వారాల్లో వేల రెట్లు పెరగగల చర్మం. రైన్‌వాల్డ్, గ్రీన్ 1975లో దీన్ని ప్రకటించారు. నా లెక్కలో వైద్య చరిత్రలోని గొప్ప రోజుల్లో అదొకటి. రావలసినంత పేరు మాత్రం దానికి రాలేదు.

ఇక కుందేళ్ల సంగతి. అది కూడా మనుషుల కన్నీళ్లతోనే మొదలైంది. 1933 ప్రాంతంలో అమెరికాలో ‘లాష్ లూర్’ పేరుతో కనురెప్పల రంగు ఒకటి అమ్మేవారు. అందులోని పారాఫినిలీన్ డయామీన్ అనే రసాయనం వల్ల ఆడవాళ్ల కళ్లు పుండ్లు పడ్డాయి. కొందరికి చూపు పోయింది, ఒకామెకు ప్రాణమే పోయింది. అప్పటి చట్టం కింద ఆ సరుకును బజారు నుంచి తీయించే అధికారం ప్రభుత్వానికి లేదు. 1938లో కొత్త చట్టం వచ్చింది. ప్రమాదకరమని తేలిన సౌందర్య సాధనాలను బజారు నుంచి తీయించే అధికారం అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ)కు వచ్చింది. తేల్చడం ఎలా? 1944లో జాన్ డ్రేజ్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఒక పద్ధతి రాసిపెట్టారు.

తెల్ల కుందేలు వీపు మీద బొచ్చు గొరిగి, రసాయనం వేసి పట్టీ కడతారు. పట్టీ తీశాక ఎరుపు ఎంత, వాపు ఎంత అని సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. కంటి పరీక్షలో ఒక కంట్లో రసాయనం వేసి రెండోదాన్ని పోల్చిచూడటానికి వదిలేస్తారు. రోజుల తరబడి ఆ కంటినే చూస్తూ రాసుకుంటారు. కుందేలు సాధు జంతువు, కన్ను పెద్దది, ఖర్చు తక్కువ. అదీ దాని పాపం. డ్రేజ్‌ను దుర్మార్గుడని నేననను. ఆడవాళ్ల కళ్లు కాపాడాలనే ఆయన ఆ పని చేశాడు. అప్పటికి చేతిలో ఇంకో దారి లేదు.

కానీ ఆ దారి అంత నమ్మదగ్గది కాదని 1971లోనే బయటపడింది. వైల్, స్కాలా అనే ఇద్దరు ఒకే రసాయనాలను ఇరవైకి పైగా ప్రయోగశాలలకు పంపి కుందేళ్ల మీద పరీక్ష చేయించారు. ఒకచోట ఏమీ కాదన్నది ఇంకోచోట తీవ్రమైన మంట అని తేలింది. అయినా పరీక్ష ఆగలేదు. 1980 ఏప్రిల్‌లో హెన్రీ స్పైరా అనే ఉద్యమకారుడు న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేయించి, అందం కోసం ఎన్ని కుందేళ్లను గుడ్డివి చేస్తారని రెవ్లాన్ కంపెనీని నిలదీశాడు. ఆ కంపెనీ ప్రత్యామ్నాయాల పరిశోధనకు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి 7,50,000 డాలర్లు ఇచ్చింది. మరుసటి ఏడాది జాన్స్ హాప్కిన్స్‌లో అందుకోసమే ఒక కేంద్రం వెలిసింది.

రెండు కథలూ కలిసింది ఫ్రాన్స్‌లో. గ్రీన్ పెంచిన పొరలు గాయాన్ని కప్పగలవు, కానీ అవి పూర్తి చర్మం కావు. ఎప్పుడూ ద్రవంలో మునిగి ఉంటే పైన గట్టి పొర కట్టదు. అక్కడ మిషెల్ ప్రునియెరాస్ బృందం 1983లో కణాలను పైకి లేపి గాలికి పెట్టింది. కింద నుంచి తిండి, పైన గాలి. మన ఒంటిమీద జరిగేది అదే కదా! గాలి తగిలేసరికి కణాలు పొరలు పొరలుగా పేరుకుని, పైన మృతకణాల పెంకు కట్టాయి.

లియోన్ నగరంలో తయారయ్యే ఎపిస్కిన్ ఈ కోవలోదే. చిన్న ప్లాస్టిక్ కప్పు అడుగున కొల్లాజెన్ పొర, దాని మీద చిటికెన వేలి గోరంత చర్మం. ఆపరేషన్లలో తీసేయగా మిగిలిన చర్మాన్ని మనుషుల అనుమతితో తీసుకుని, దాని కణాలతో రెండు వారాల్లోపు పెంచుతారు. పరీక్షించాల్సిన రసాయనాన్ని దానిమీద వేసి, 15 నిమిషాలుంచి, కడిగేస్తారు. 42 గంటలు ఆగుతారు. తరవాత ఎంటీటీ అనే పసుపు రంగు ద్రావణంలో పెడతారు. బతికున్న కణం ఆ పసుపును ముదురు ఊదా చేస్తుంది, చచ్చిన కణం చేయలేదు. ఊదా ఎంత తేలిందో యంత్రం కొలుస్తుంది. బతికున్నవి సగానికి మించకపోతే ఆ రసాయనం చర్మాన్ని మండిస్తుందని లెక్క. ఎరుపు ఎంత అని ఒకరి కంటిచూపు మీద ఆధారపడనక్కర్లేదు.

చర్మాన్ని తినేసే రసాయనాల పరీక్షకు ఇలాంటి నమూనాలను ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2004లో ఒప్పుకుంది. మంట పుట్టించే వాటికి 2010లో. ఐరోపా సమాఖ్య 2013 మార్చి 11 నుంచి, జంతువుల మీద పరీక్షించిన కాస్మెటిక్స్ అమ్మకాన్నే నిషేధించింది. మన దేశం 2014 మేలో 148-సి నిబంధనతో కాస్మెటిక్స్ పరీక్షలకు జంతువులను వాడకూడదంది. ఆ ఏడాది చివర్లో అలాంటి సరుకు దిగుమతినీ ఆపింది. 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతువులు లేని పద్ధతులకు తలుపు తీసింది.

కణాలను గిన్నెలో పెంచే ఈ విద్య హైదరాబాద్‌కు కొత్త కాదు. గ్రీన్ దగ్గర పనిచేసిన ఇటలీ శాస్త్రవేత్త మికేలే డి లూకా, గ్రాజియెల్లా పెల్లెగ్రీని 1997లో కంటి అంచు కణాలను ఇలాగే పెంచి, రసాయనాలతో కాలిన కళ్లకు వేశారు. 2001 నుంచి ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు, ఎలుక దాది కణాలు కూడా లేకుండా, మనిషి ఉమ్మనీటి సంచి పొర మీద ఆ కణాలను పెంచారు. సున్నం పడి, యాసిడ్ పడి కాలిన కళ్లకు వాటితో చూపు తెచ్చారు. ఏ కన్ను కాలిపోకూడదని కుందేలు కంట్లో రసాయనం వేశారో, ఆ కాలిన మనిషి కంటికే గిన్నెలో పెంచిన పొర మందయింది.

గోరంత చర్మం అన్నీ చెప్పదు. అందులో రక్తనాళాలు లేవు, రోగనిరోధక కణాలు లేవు. మింగిన మందు కాలేయాన్ని ఏంచేస్తుందో దాన్ని అడిగి లాభం లేదు. చాలా ప్రయోగశాలల్లో కణాలకు పెట్టే తిండిలో ఇప్పటికీ పుట్టని దూడల రక్తం నుంచి తీసిన సీరం ఉంటుంది. దానికీ విరుగుడు వెతకాలి. చర్మం మండుతుందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం కుందేలు వీపు గొరగాల్సిన పని చాలావరకు తీరిపోయింది.

ఒక్క మనవి. మన ఆసుపత్రుల్లో రోజూ జరిగే ఆపరేషన్లలో ఎంతో చర్మం చెత్తబుట్టలోకి పోతోంది. దాన్ని పరిశోధనకు ఇవ్వమని మిమ్మల్ని ఏ డాక్టరైనా అడిగితే, సంగతి పూర్తిగా విని, సరేననిపిస్తే సంతకం పెట్టండి.