కాన్పు రిజిస్టరులో కాపురం: భద్రాచలం ఏజెన్సీలో కుటుంబ చట్టం

ఏజెన్సీలో చట్టం అనగానే మన పరిశోధకుల చూపు భూ బదలాయింపు నిబంధన 1/70 మీదికే పోతుంది. ఆ తర్వాత సమత తీర్పు, అటవీ హక్కుల చట్టం, పోలవరం ముంపు. అన్నీ భూమి గొడవలే. పెళ్లి, కాన్పు, విడిపోవడం, మారుమనువు మాత్రం ‘ఆచార వ్యవహారాలు’ అనే అధ్యాయంలో కొమ్ము నృత్యం పక్కన సర్దుకుంటాయి. కోయ ఇల్లు చట్టం గాలి సోకని చోటన్నట్టు రాసే ఈ అలవాటుతోనే నా పేచీ.

దీనికి మూలపురుషుడు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్. 1945లో కొండరెడ్ల మీద ఆయన వెలువరించిన గ్రంథంలో ఇంటి సంగతులకు లోటు లేదు. 1982 నాటి ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’లో అన్యాక్రాంతమైన పొలాలు, అటవీ శాఖ ఆంక్షలు కళ్లకు కట్టాయి. అయితే ఆయన చూసిన రాజ్యం పొలం గట్టు మీదా అడవి అంచునా ఎదురయ్యేదే. గడప దాటి లోపలికి రాదు. నిజాం కాలానికి అది సరిపోయిందేమో. గూడేనికి ఆశ కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, 108 బండి వచ్చాక కూడా తర్వాతివారు ఆ బొమ్మనే దిద్దుతూ కూర్చోవడం ఏమిటి?

వ్యక్తిగత చట్టం ఇక్కడ పక్కకు తప్పుకున్న మాట నిజమే. 1955 హిందూ వివాహ చట్టం, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని దాని సెక్షన్ 2(2) చెబుతుంది. 1956 నాటి వారసత్వ, దత్తత చట్టాలదీ అదే దారి. ఆచారాన్ని ఆధారం చేసుకున్నవారే దాన్ని రుజువు చేసుకోవాలని 2001లో సూరజ్‌మణి స్టెల్లా కుజూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గోదావరికి ఇవతల భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలోది, 1924 ఏజెన్సీ రూల్స్ కింద నడిచింది. అవతల పాల్వంచ నిజాం ఏలుబడి. ఏ ఒడ్డునా కాపురాన్ని నిర్వచించిన శాసనం లేదు. ఆ ఖాళీని పథకాలు నింపాయి.

సరిహద్దు మండలంలో ఒక ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డు. “పెళ్లెప్పుడైంది?” అని నర్సు అడిగితే పిల్ల తలొంచుకుంది. అత్త అందుకుంది: “ఇప్పపూలు రాలేటప్పుడు మా ఇంటికొచ్చింది సిస్టరమ్మా. ఓలి ఇంకా ఇయ్యలే.” “వయసు?” “నాకేమెరుక, పెద్దపిల్లే.” “పద్దెనిమిది నిండినయా లేదా, అది చెప్పవ్వా.” జవాబు రాకముందే వయసు గడిలో 19 పడింది. దాని కింద భర్త పేరు, ఆ తర్వాత ఒక పెళ్లి తేదీ.

మూడు గడులు, మూడు తీర్పులు. ఓలి, అంటే పెళ్లికూతురి వాళ్లకిచ్చే సొమ్ము, తీరేదాకా కుల పెద్దల ముందు ఆ సంబంధం ఇంకా మాటల్లోనే ఉంది. రిజిస్టరు దాన్ని పెళ్లి చేసేసింది. ఇప్పపూల కాలం ఒక తారీఖుగా మారింది. వయసు గడి వెనక ఉన్నది నర్సమ్మ భయం: పద్దెనిమిది లోపని తెలిస్తే పోక్సో ప్రకారం పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. మైనరు పేరు గోప్యంగా ఉంచవచ్చని 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన వెసులుబాటు గర్భస్రావం సందర్భానిది, కాన్పుకు అక్కరకు రాదు. ఏజెన్సీ రికార్డుల్లో తల్లుల వయసులన్నీ చట్టం రాయించినవేనని నేనంటాను.

2017లో మొదలైన కేసీఆర్ కిట్ సంగతి చూడండి. అందులో మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు ఇచ్చేవారు, రెండు కాన్పుల వరకే. లెక్క తల్లిది, మనువుది కాదు. మొదటి మనువులో ఇద్దరిని కని, పెద్దల మాట మీద విడిపోయి మారుమనువు చేసుకున్న ఆడమనిషికి కొత్త ఇంట్లో తొలి బిడ్డే అయినా సర్కారు దృష్టిలో మూడోదయ్యేది. కల్యాణలక్ష్మి పెళ్లి సాయం కూడా పెళ్లికాని పిల్లకే. కోయ ఆచారం దర్జాగా ఒప్పుకునే మారుమనువును ఏ కోర్టూ కొట్టేయలేదు. ఈ రెండు దరఖాస్తులే దాన్ని రెండో రకం చేశాయి.

2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాక చిక్కు ముదిరింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దాన్ని ఆనుకున్న ఎటపాక పక్క రాష్ట్రం. ఆంధ్ర వైపు చింతూరు, కూనవరం గర్భిణులు ఇప్పటికీ భద్రాచలం ఆస్పత్రికే వస్తారు. కానీ కిట్టు సొమ్ము తెలంగాణ నివాసికే దక్కేది. అందుకని అవతలికి కాపురానికి వెళ్లిన పిల్ల ఆధార్ పుట్టింటి చిరునామా మీదే ఉండిపోయేది. ఆరోగ్యశ్రీకీ అంతే, పేరు తండ్రి కార్డులో ఉంటే వైద్యం కూతురిగానే అందుతుంది. గూడెంలో కోడలు, కౌంటరు దగ్గర కూతురు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయలకైతే ఎస్టీ ధ్రువపత్రం దక్కడానికే తిప్పలు.

గృహహింస చట్టం, భరణం నిబంధన తెగలతో పనిలేకుండా అందరికీ వర్తిస్తాయి కదా అనేవారున్నారు. గూడెం నుంచి మేజిస్ట్రేటు దాకా దారి ఎంతో వాళ్లే చెప్పాలి. ఒకవేళ కాన్పుల వార్డులోని ఆ పిల్ల రేపు భరణం కోసం అక్కడిదాకా వెళ్లిందే అనుకుందాం. పెళ్లికి ఫొటో లేదు, పత్రిక లేదు, ఓలి ఇచ్చినదానికి సాక్షీ లేడు. పెళ్లికి రుజువుగా వకీలు చేతికి దొరికేది ఆ కాన్పు రిజిస్టరే. అవతలి వకీలు అందులో వయసు తప్పని తేల్చగలిగితే, పక్క గడిలోని భర్త పేరు మాత్రం ఎందుకు నమ్మాలని అడుగుతాడు.