యమున గొంతు, చిన్న నాయనమ్మ మాట

1980 ప్రాంతంలో మా చిన్న నాయనమ్మను ధర్మపురి నుంచి కొండగట్టుకు తోలుకుపోయాను. కల్యాణకట్ట దగ్గర ఆడవాళ్ళు వరుసగా కూర్చుని అంజన్నకు తలనీలాలిస్తున్నారు. పదకొండో ఏట భర్త పోయిన నాటి నుంచి ఆమె తల మీద వెంట్రుక నిలవనివ్వలేదు మా ఇంటివాళ్ళు. చెంగు ముందుకు లాక్కుని చాలాసేపు ఆ వరుసనే చూసింది. "గీళ్ళను అడిగే తీస్తున్రు గదా బిడ్డా" అన్నది. నేను ఊఁ అని బస్సు టైం చూసుకున్నాను. ఆ మాట అర్థమయ్యే నాటికి ఆమె లేదు.

దాన్ని నాకు విప్పి చెప్పింది ఒక మరాఠీ నవల. హరి నారాయణ ఆప్టే 1890లో 'కరమణూక్' అనే వారపత్రిక పెట్టి, అందులో ధారావాహికగా రాసిన 'పణ్ లక్షాత్ కోణ్ ఘేతో'. పుణె బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన యమున తన కథ తానే చెప్పుకుంటుంది. భర్త రఘునాథ్ ఆమె చదువుకోవాలని కోరుకున్నవాడు. బొంబాయిలో అతనితో ఉన్న కొద్దికాలం ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. అతను పోయాక అత్తింటివాళ్ళు బలవంతంగా ఆమె తల గొరిగిస్తారు. ఆ పుటలు చదివిన రాత్రి నాకు కొండగట్టు గుర్తొచ్చింది.

దీన్ని 'అబల జీవితం' పేరుతో తెలుగు చేసినవారు పి.వి. నరసింహారావు. సాహిత్య అకాడెమీ వేసింది. నాటి కరీంనగర్ జిల్లా వంగర ఆయన ఊరు. 1957 నుంచి 1977 దాకా మంథని శాసనసభ్యుడు. ఆయనకు మరాఠీ ఎలా వచ్చిందన్నది ఈ ప్రాంతపు చరిత్రలో భాగమే. నిజాం రాజ్యంలో మరాఠ్వాడా ఉండేది. ఆదిలాబాద్ దాటితే చాందా. 1938 వందేమాతరం ఉద్యమంలో కాలేజీ నుంచి వెళ్ళగొట్టిన ఉస్మానియా విద్యార్థులకు నాగపూర్ తలుపు తెరిచింది. ఆయన అక్కడే న్యాయశాస్త్రం చదివారు.

నవలాకారుడి పని నేర్చుకోవడానికి అనువాదం గట్టి బడి అని నా నమ్మకం. ఈ నవలలో ఒక చిక్కుంది, చాలామంది గమనించరు. మరాఠీలో ఆడమనిషి 'మీ గేలే' అంటుంది, మగవాడు 'మీ గేలో' అంటాడు. యమున తన గతం చెప్పేటప్పుడు చాలా చోట్ల అలాంటి క్రియే ఆమె స్త్రీ అని గుర్తుచేస్తూ ఉంటుంది. తెలుగులో 'నేను వెళ్ళాను' అంటే ఎవరైనా కావచ్చు. క్రియాపదంలో పోయిన ఆడతనాన్ని అనువాదకుడు వంటింటి మాటల్లో, అత్తల దెప్పుల్లో, భయంలో వెతికి తెచ్చుకోవాలి. మగ రచయిత ఊహించిన స్త్రీ గొంతును ఇంకో మగవాడు ఇంకో భాషలో మళ్ళీ ఊహించాలన్నమాట.

శీర్షిక దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. ఆప్టే శీర్షిక ఒక ప్రశ్న: కానీ పట్టించుకునేదెవరు? అది పాఠకుల మీదికి వేలు చూపిస్తుంది. తెలుగు పేరు ఆ వేలును దించేసి, జాలిపడదగిన మనిషిని మన ముందు కూర్చోబెడుతుంది. భండారు అచ్చమాంబ కూడా 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే పేరు పెట్టింది. కానీ ఆమె ఆ మాటను వాడింది దాన్ని తప్పని చూపడానికి, సమర్థులైన స్త్రీల జీవితాలను వరుసగా పేర్చి.

ఆప్టే కంటే ముందే, 1882లో, అదే మరాఠీలో తారాబాయి శిందే 'స్త్రీ పురుష తులన' రాసింది. వితంతువుల మీద నీతులు చెప్పే మగవాళ్ళను ముఖం మీదే కడిగేసింది. ఆప్టే నవల వాస్తవికతకు మేటి ఉదాహరణగా తరగతి గదుల్లోకి వెళ్ళింది. తారాబాయి పుస్తకం మళ్ళీ అచ్చు కావడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. యమున గొంతు బాగుందనే నేనూ అంటాను. అయితే ఆ గొంతుకు దొరికిన చోటు తారాబాయికి ఎందుకు దొరకలేదో కూడా అడగాలి కదా.

'కాకతీయ పత్రిక'లో పి.వి., పాములపర్తి సదాశివరావు 'జయ–విజయ' పేర్లతో రాసేవారు. 'గొల్లరామవ్వ' కథ మీద 'విజయ' అన్న పేరు చూసి నేను కొన్నాళ్ళు ఎవరో రచయిత్రి అనుకుని సంబరపడ్డాను! జయవిజయులు వైకుంఠ ద్వారపాలకులని తర్వాత తట్టింది. అయినా ఆ కథలోని ముసలమ్మ అబల కాదు. నిజాం పోలీసులు వెతుకుతున్న యువకుడిని తన గుడిసెలో కాపాడిన మనిషి.

సొంత నవలకు ఆయన తీసుకున్న సమయమే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. 'ది ఇన్‌సైడర్' 1998లో వచ్చింది. అప్పటికి ఆయన డెబ్బై దాటి ఏళ్ళయింది. ప్రధాని పదవి పోయి రెండేళ్ళు. నవలలో ఆనంద్ కథ 1973తో ఆగుతుంది, అంటే ఆయన ముఖ్యమంత్రి పదవి పోయిన సంవత్సరంతో. తెలుగులో అది 'లోపలి మనిషి' అయింది. అధికారం లోపలి సంగతులు అందులో చాలా తెలుస్తాయి. ఆనంద్‌ను ప్రేమించిన అరుణ మాత్రం నాకు ఎప్పుడూ బయటి నుంచే కనబడింది. యమున లోపలికి అంతగా వెళ్ళిన చెయ్యి అరుణ దగ్గర ఎందుకు ఆగిందో!

ఇంకొకరిని అడగడం తేలికే. చిన్న నాయనమ్మ మీద నేను నవల మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఉద్యోగం, పిల్లలు, అత్తగారి మంచం. ఇవన్నీ నిజమే, కానీ అసలు అడ్డం అవి కావు. 'నేను' అని రాస్తే ఆమె మాటను లాక్కున్నట్టుంటుంది, తల లాక్కున్న ఇంటి ఆడపిల్లనే నేను. 'ఆమె' అని రాస్తే కల్యాణకట్ట దగ్గర నిలబడి బస్సు టైం చూసుకున్నట్టుంటుంది.

ఇప్పుడు నాలుగో నోటుబుక్కులో ఉన్నాను. కొండగట్టు అధ్యాయం రెండు రకాలుగానూ రాసి ఉంది. ఆమె అన్న ఆ ఒక్క వాక్యం మాత్రం రెండింటిలోనూ ఆమె అన్నట్టే, ఆమె యాసలోనే ఉంచాను.