నిరుద్యోగ భృతి - తేదీ లేని అర్జీలు

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవం ఒకటి రాయమని మన కార్యదర్శిగారు కోరారు. బదిలీల గురించి, పే రివిజన్ల గురించి మిత్రులు ఇదివరకే చాలా రాశారు. నేను నిరుద్యోగ భృతి గురించి రాస్తాను. డి.ఎ. బకాయి ఏ నెల నుంచి రావాలో మనం వేళ్లమీద లెక్కగట్టి అడుగుతాం. అలా అడగడానికి చేతిలో కాగితం లేనివాళ్ల సంగతి ఇది.

మా కాలంలో రేణిగుంట కుర్రవాళ్లకు భృతి అనే మాటే తెలియదు. ఎస్సెల్సీ పాసయితే బస్సెక్కి చిత్తూరు పోయి, జిల్లా ఉపాధి కల్పనా కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవడం ఒక్కటే తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు పని చూపడానికి 1945లో మొదలైన వ్యవస్థ అది. శివరావు కమిటీ సిఫారసులను అనుసరించి 1956 నవంబరు 1న, అంటే మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే, దాని రోజువారీ నిర్వహణను రాష్ట్రాలకు అప్పగించారు. 1959 చట్టం ఖాళీలను ఆ కార్యాలయానికి తెలియజేయాలన్నదే గాని, అది పంపినవారినే తీసుకోవాలని అనలేదు. ఇంగ్లండులో 1911 చట్టం కింద, బీమా చేసిన కొన్ని పరిశ్రమల కార్మికులు పని పోతే ఇలాంటి కార్యాలయానికే వెళ్లి వారానికి 7 షిల్లింగులు తీసుకునేవారు. మనకు మాత్రం కార్డే మిగిలింది. ఆ కార్డును రెన్యువల్ చేయించుకుంటూ, చివరికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చి నేను గుమాస్తానయ్యాను. అంచేత దాన్ని తీసిపారేయలేను.

భృతి హక్కుగా గ్రామాలకు వచ్చింది 2005 నాటి ఉపాధి హామీ చట్టంతో. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పథకాన్ని ప్రారంభించారు. మొదటి విడత 200 జిల్లాల్లో మన చిత్తూరు జిల్లా కూడా ఉంది. మన జనం దాన్ని ఇప్పటికీ 'కరువు పని' అనే అంటారు. పని కావాలని అర్జీ పెట్టిన 15 రోజుల్లోగా పని చూపకపోతే భృతి ఇవ్వాలని చట్టం చెప్పింది. మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆపైన కనీసం సగం. అప్పట్లో మన రాష్ట్రంలో రోజుకూలి 80 రూపాయలు, కాబట్టి రోజుకు 20 రూపాయలు.

మెలిక ఎక్కడంటే, కూలి డబ్బు కేంద్రం భరించేది, భృతి మాత్రం రాష్ట్రం తన ఖజానా నుంచి చెల్లించాలి. పని ఆలస్యమైందని తేల్చవలసింది కూడా ఆ పని చూపించలేకపోయిన కార్యాలయమే. ఇక ఆ 15 రోజులు ఏనాటి నుంచి లెక్కించాలి? అర్జీ అందుకున్నట్టు తేదీ వేసి ఇచ్చే రశీదు నుంచి. రశీదు ఇచ్చి తీరాలని చట్టంలోనే రాసి ఉంది.

ఆ రశీదు ఇవ్వవలసిన బల్ల దగ్గర అప్పుడు కూర్చున్నవాణ్ణి నేనే. ఏ మండలమో చెప్పను. వచ్చిన అర్జీలన్నిటినీ ట్యాగు వేసి కట్టగా పెట్టేవాణ్ణి. పని ఎస్టిమేటు మంజూరయ్యాక, ఆ తేదీతోనే ఇన్వార్డు రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి. ఎవరూ రాతపూర్వకంగా ఆదేశించలేదు. ముందున్న వాళ్లు చేస్తూ వచ్చారు, నేనూ చేశాను. రిజిస్టరు చూస్తే మా మండలంలో ఒక్కరికీ ఆలస్యం జరగలేదు!

2007లో సామాజిక తనిఖీవాళ్లు వచ్చారు. ఈ పద్ధతికి మూలం రాజస్థాన్. 1994లో పాలీ జిల్లా కోట్ కిరానాలో అరుణా రాయ్ గారి సంఘంవాళ్లు ఊరి పనుల లెక్కలను జనం ముందు పైకి చదివించారు. మన రాష్ట్రం దాన్ని ప్రభుత్వ కార్యక్రమంగానే చేపట్టింది. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, ఊళ్లలో ఇంటింటికీ పంపారు. వాళ్లు మస్టరు రోలు పట్టుకుని పేరుపేరునా విచారించి, చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టారు. మనవంటి వాళ్లం అధికారుల ఆడిట్లు చాలా చూశాం. ఆడిటర్లకు భోజనం ఏర్పాటు చేసేదీ మనమే. చీపురు పట్టే చేతులకు మన రిజిస్టరు ఇవ్వడం మాత్రం అదే మొదటిసారి.

ఆ రోజు ఒకామె లేచి నిలబడింది. "పనికని కాగితమిచ్చి నెలన్నరాయ సార్. ఇంతవరకూ పిలవలేదే" అంది. రశీదేదమ్మా అని అధికారి అడిగాడు. "ఆ సారు ఈలేదు" అని నావైపు చూపించింది. రిజిస్టరు తెప్పించారు. దాని ప్రకారం ఆమె అర్జీ వచ్చి మూడు రోజులే. అధికారి తల ఊపి తర్వాతి పేరు పిలిచాడు. నా పదవీ విరమణకు అప్పటికి ఏడాదే ఉంది. పెన్షను ఆగిపోతుందేమోనన్న భయంతో నోరు విప్పలేదు.

ఆ తర్వాత తనిఖీ బలపడిన మాట నిజం. 2009లో మన రాష్ట్రంలో అందుకోసం వేరే సొసైటీ ఏర్పడింది. 2011లో కేంద్రం నియమాలు చేసి, పథకాన్ని నడిపేవారితో సంబంధంలేని తనిఖీ విభాగం ప్రతి రాష్ట్రంలోనూ ఉండాలని, ఆరు నెలలకు ఒకసారైనా తనిఖీ జరగాలని నిర్దేశించింది. దొంగ మస్టర్లు పట్టుకోవడంలో ఈ పద్ధతికి సాటి లేదని నా అభిప్రాయం. అయితే అది ఖర్చయిన డబ్బును పట్టినంత బాగా, ఇవ్వవలసి ఉండీ ఇవ్వని డబ్బును పట్టలేకపోయింది. ఇవ్వని డబ్బుకు ఓచరు ఉండదు గదా. 2018 అక్టోబరులో చదువుకున్న యువతకు నెలకు 1000 రూపాయల యువనేస్తం వచ్చి, 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. దానికి అర్జీలు కంప్యూటరులోనే పెట్టుకోవాలి. కంప్యూటరైతే తేదీ తనంతట తానే వేస్తుంది, గుమాస్తా చేతిలో ఉండదు.

ప్రజావేదిక మర్నాడే తేదీ ముద్ర ఒకటి కొని బల్లమీద పెట్టుకున్నాను. 2008లో రిటైరయ్యేదాకా ప్రతి అర్జీకీ రశీదు ఇచ్చాను. ఆమెకు రావలసింది ముప్పై రోజులకు 600 రూపాయలు. అది రాలేదు. నా పెన్షను మాత్రం ఒక్క నెలా ఆగలేదు.