బండి కుదుపు, కమాను కీలు



ఈ సాయంకాలము మీకు కుదుపుయొక్క చరిత్రను చెప్పదలచితిని. దీనికి కారణము మా యింటి పాత అంబాసిడరు కారు. మా తండ్రిగారు దానిని 1974లో కొనిరి. ఒక పుష్కరము క్రిందట దాని వెనుక కమానులను పట్టియుంచు కీళ్లు అరిగిపోగా, క్రొత్తవి యెట్టివి వేయవలెనో తెలియక నేనొక పొరపాటు చేసితిని. ఆ పొరపాటు ఫలమును మా తల్లిగారు అనుభవించిరి. ఎందుకిట్లయినదని వెదకుచు పోగా, ఆ చిన్న కీలు వెనుక పెద్ద చరిత్రయే యున్నదని తెలిసినది.

ముందు మన యెద్దుబండితో మొదలుపెట్టుదము. కర్నూలు, కడప ప్రాంతముల దారులు మీకు తెలియనివి కావు. నల్లరేగడిలో వానకాలమున చక్రము దిగబడును. ఆ బురదలో పడిన బండిగాడి వేసవినాటికి కొయ్యవలె గట్టిపడును. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపున నాపరాయి నేలకు పైకే తేలియుండును. ఇట్టి దారులలో తిరిగిన మన బండికి ఇరుసుమీదనే పెట్టె బిగింపబడియుండెను. రాయి తగిలిన దెబ్బ ఇనుపపట్టానుండి పూటీకి, పూటీనుండి ఆకునకు, ఆకునుండి ఇరుసునకు ప్రాకి, అచ్చటినుండి తిన్నగా మనిషి వెన్నెముకను చేరెడిది. పెద్దలెరిగిన యుపాయము ఒక్కటే: జొన్నచొప్పయో, వరిగడ్డియో మందముగా పరచి పైన బొంత వేయుట. బాలింతను అత్తవారింటికి తెచ్చునపుడు ఆ గడ్డిని మరింత మందముగా పరచెడివారు. ఇరుసునకు పెట్టిన కందెన అరుగుదలను తగ్గించెను గాని, కుదుపును తగ్గింపలేదు.

కలిగినవారు పల్లకి నెక్కిరి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా కాశికి పల్లకిలో సాగిన సంగతి వారి కాశీయాత్ర చరిత్రవలన మనకు తెలియుచున్నది. పల్లకికి ఇనుప కమానులు లేవు. బోయీల మోకాళ్లే కమానులు, వారి భుజములే కీళ్లు. లోపల కూర్చున్నవారికి తెలియని రాయి బోయీ పాదమునకు తెలిసెను. కుదుపు ఎక్కడికిని మాయమై పోదు. ఒకరు తప్పించుకొన్నచో దానిని మరియొకరు మోయవలసినదే. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. కారు దగ్గర మరల దీనితో పని యున్నది.

యూరపుఖండమువారును ఈ బాధను మనవలెనే పడిరి. వారు గుర్రపుబండి పెట్టెను తోలుపట్టెడలతో వ్రేలాడగట్టి, ఊయలవలె ఊగనిచ్చిరి. రాతి దెబ్బ కొంత తగ్గినది గాని, ఊపునకు కడుపులో త్రిప్పెడిది. తోలు సాగి తెగెడిది. తరువాత ఉక్కుపట్టీలు వచ్చినవి. 1804లో ఇంగ్లండునందలి ఒబడయా ఎలియట్ అను బండ్ల పనివాడు, వంచిన ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టగా బిగించి, వాటిని ఇరుసునకును పెట్టెకును నడుమ నిలిపెను. మనము కమానుకట్ట యనునది ఇట్టిదే. కమాను అనగా విల్లు. బరువు పడినప్పుడు విల్లు చదునగును, బరువు తీరినప్పుడు మరల వంగును. పట్టీలు ఒకదానితో నొకటి రాచుకొనుటవలన ఊపు త్వరగా అణగును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. వంగిన విల్లు చదునైనప్పుడు దాని రెండు కొనల నడిమి దూరము పెరుగును. రెండు కొనలను కదలకుండ బిగించినచో పట్టీ విరుగును, లేదా బిగించిన చోటు చీలును. కావున ఒక కొనను నిలకడగా పట్టి, రెండవ కొనను చిన్న ఊగుడుబద్దలకు తగిలించిరి. ఆ బద్దలనే మన మెకానిక్కులు షాకిల్ అందురు. కమాను సాగినప్పుడు షాకిల్ వెనుకకు ఊగును, ముడిచినప్పుడు ముందుకు వచ్చును. రైలు వచ్చిన పిమ్మట మన స్టేషనుల యొద్ద నిలిచిన జట్కాలకును ఇట్టి కమానులే యుండెను. జట్కావాడు గుర్రమునకు దాణా పెట్టినంత శ్రద్ధతో కమాను చీలలకు నూనె పెట్టెడివాడు. నూనె లేనిచో ఇనుముతో ఇనుము ఒరసికొని, చీల సన్నగిల్లి, బండి అడుగడుగునకు గలగలలాడెడిది.

ఆ గలగలను మాన్పినది రబ్బరు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కాచి, ఎండకు కరగక చలికి పగలక యుండునట్లు చేసెను. 1888లో డన్లప్ గాలిటైరు నిచ్చెను. మోటారుబండ్లు వచ్చిన తరువాత, 1920, 1930 దశకములలో, రెండు ఇనుప గొట్టముల నడుమ రబ్బరును పట్టించి కమాను కంటిలో దూర్చు పద్ధతి వ్యాపించెను. ఇదియే బుష్. దీనిలో ఇనుము ఇనుమును తాకదు. రబ్బరే మెలితిరిగి కదలిక నిచ్చును. నూనె అక్కరలేదు, చప్పుడు లేదు. సూక్ష్మముగా వచ్చు అదురును అదియే మ్రింగును.

అంబాసిడరు ఆ కాలపు సంతానమే. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ తరగతి నమూనాపై 1950ల చివర మొదలై, వంగరాష్ట్రమందలి ఉత్తరపారా కర్మాగారమున తయారై, 2014 మే నెలలో ఆగిపోయెను. దాని వెనుక ఇరుసు రెండు కమానుకట్టలపై నిలుచును. లారీకి వలె దీనికి వేరుగా ఛాసిస్ లేదు. నేలరేకు, గోడలు, కప్పు కలిసి ఒకే యెముకలగూడుగా నుండును. కమాను కీలు ఆ రేకుకే బిగింపబడును. నా పొరపాటు ఈ సంగతి తెలియకపోవుటలోనే యున్నది.

మా తల్లిగారికి అప్పటికి డెబ్బది దాటినది. వెన్నునొప్పికి పక్షమునకొకసారి నంద్యాలకు వైద్యమునకు పోవలసియుండెను. కారు వెనుకభాగము వంకరగా ఊగుచు, గుంటలో టక్కున కొట్టుచుండెను. పట్టణమున ఒక దుకాణమువారు పాలీయురితేను బుష్‌లను చూపి, ఇవి రబ్బరుకన్న మేలు, జీవితకాలము మన్నునని చెప్పిరి. ఆ పదార్థమును 1937లో జర్మనీలో ఆటో బేయర్ మొదలైనవారు కనుగొనిరి. నూనె తగిలినను ఉబ్బదు, ఎండకు త్వరగా బీటలువారదు, అది నిజమే. మన్నికయే మేలని తలచి నేను అన్ని కీళ్లకును మిక్కిలి గట్టివానినే వేయించితిని. అది చాలక ప్రక్కనున్నవారి మాట విని, కట్టకొక పట్టీని అదనముగా చేర్పించితిని.

కారు తిరుగుడులలో స్తంభమువలె నిలిచెను. నేను సంతోషించితిని. వెనుక కూర్చున్న మా అమ్మ మొదటి దినమున ఏమియు అనలేదు. రెండవసారి, "నాయనా, నన్ను ఎద్దులబండిలోనే తీసికొనిపోరాదా?" అనెను. నేను నవ్వి ఊరకుంటిని. నెలలు గడచినవి. ఒకనాడు వెనుక డిక్కీలోని చాపను ఎత్తి చూడగా, కమాను కీలు బిగించిన చోట రేకు జానెడు పొడవున చీలియుండెను. పల్లకి మాట అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. కీలు మోయనని విడిచిన కుదుపును సగము రేకు మోసినది, సగము మా అమ్మ వెన్ను మోసినది.

మా ఊరికి దగ్గరనే లారీ కమానులు కట్టు వృద్ధుడొకడు ఉండెను. ఆయన కారు క్రింద దూరి చూచి, పైకి వచ్చి, మూడు ప్రశ్నలు అడిగెను. "బండిలో ఎంత బరువు వేయుదువు? ఏ దారిన పోదువు? వెనుక కూర్చుండునది ఎవరు?" మూడవ ప్రశ్నకు నేను తలవంచుకొంటిని. వస్తువు కొనునపుడు నన్ను ఎవరును అది అడుగలేదు; నేనును నన్ను అడుగుకొనలేదు.

ఆయన ముందుగా చీలిన రేకును అతికించి, పైన మందపు రేకు వేసి బలపరచెను. అదనపు పట్టీని తీసివేసెను. కమాను ముందుకొన కీలు చక్రపు దెబ్బను తిన్నగా గూటికి పంపునది కావున, అచ్చట తొలి కొలతగల క్రొత్త రబ్బరు బుష్‌ను వేసెను. వెనుక షాకిల్ ప్రధానముగా ఊగునదే కావున, అచ్చట మాత్రము కొంచెము మెత్తని తరగతి పాలీయురితేను బుష్‌లను గ్రీజు పూసి అమర్చెను. ఈ పదార్థముల గట్టిదనమును షోర్ అను కొలతతో చెప్పుదురు. కారు రబ్బరు సాధారణముగా 60 ప్రాంతమున నుండును. పాలీయురితేను 80 మొదలు 95 వరకు కూడ వచ్చును. నేను మొదట వేయించినవి పై కొసకు చెందినవి.

ఆయన పనిలో నేను నేర్చుకొన్నది మరియొకటి కలదు. రబ్బరు బుష్ బోల్టును కారు జాకీమీద వ్రేలాడుచుండగా బిగింపరాదు. చక్రములు నేలపై నిలిచి, బండి తన బరువును తాను మోయుచుండగా బిగింపవలెను. లేనిచో నిలిచియున్న బండిలో కూడ రబ్బరు మెలిపడియే యుండి, కొద్దికాలములో చిరుగును. కుడి యెడమ కీళ్లను జతగానే మార్చవలెను. ఇరుసును కట్టకు బిగించు యూబోల్టులను కొన్ని దినములు నడిపిన తరువాత మరల చూచి బిగింపవలెను. అన్నిటికన్న ముందు, క్రొత్త కీలు వేయుటకు పాత రేకు తగియున్నదా యని గోటితో గీకి, సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. తుప్పుపట్టిన రేకుపై ఎంత ఖరీదైన కీలైనను వ్యర్థమే.

లారీకి, నాపరాళ్లు మోయు ట్రాక్టరు ట్రాలీకి గట్టి కీలు తగును; వాటి పని బరువు మోయుట. మనుష్యులను మోయు పాతకారునకు అదే కీలు అపకారము. మేలైనదనగా గట్టిదని మనము తలచుచుందుము. మన దారిని, మన బండి వయస్సును, వెనుక కూర్చున్నవారి నడుమును ఎరిగినదే మేలైనది.

ఆ పని ముగిసిన మరుసటి పక్షమున మా అమ్మను నంద్యాలకు తీసికొనిపోతిని. దారిలో ఆమె ఏమియు అనలేదు. అద్దములో చూడగా నిద్రపోవుచుండెను. కీలు సరిగా కుదిరినదని నాకు అంతకన్న నిదర్శనము అక్కరలేకపోయెను.