హైదర్ అలీ – రాజు కాని ఏలిక

వంశహక్కు లేకుండా సొంత బలంతో గద్దెనెక్కినవారిని ప్రాచీన గ్రీకులు టైరెంట్లు అనేవారు. కోరింథును ఏలిన పెరియాండర్ అలాంటివాడి కొడుకు, తానూ టైరెంటే. భార్యను చంపాడన్న నింద మోస్తూనే సప్తజ్ఞానుల్లో చోటు సంపాదించాడు. ప్లేటో మాత్రం ఆ పట్టికలోంచి అతని పేరు తీసేశాడు. మన వైపు ఈ కోవకు దగ్గరగా వచ్చేవాడు హైదర్ అలీ.

కోలారు దగ్గరి బూదికోటలో పుట్టి, మైసూరు సైన్యంలో ఎదిగి, 1758లో బెంగళూరును జాగీరుగా పొందాడు. 1761 నాటికి అధికారమంతా అతని చేతికొచ్చింది. అయినా మైసూరు రాజులైన ఒడెయార్లను సింహాసనం మీదే ఉంచాడు. దర్బారు వారిది, ఉత్తరువు హైదర్‌ది.

చదువు రాదు. జ్ఞాపకశక్తి మాత్రం అసాధారణం. హిందుస్తానీ, కన్నడం, మరాఠీ, తమిళంతోపాటు తెలుగూ ధారాళంగా మాట్లాడేవాడు. అతని తెలివి గురించిన కథల్లో క్రౌర్యం విడదీయలేనంతగా కలిసి ఉంటుంది. ఎదురుతిరిగిన దివాను ఖండేరావును క్షమించమని అంతఃపురం వేడుకుంటే, చిలకలా చూసుకుంటానన్నాడట. ఇనుప పంజరంలో పెట్టి పాలూ అన్నమూ పెట్టించాడు. 1776లో కొత్త రాజు కోసం వంశపు పిల్లలను బొమ్మలూ పళ్లూ పరిచిన గదిలోకి వదిలి, బాకు అందుకున్నవాణ్ణి ఎంచుకున్నాడంటారు. ఈ కథలను ప్రచారంలోకి తెచ్చినవాడు, హైదర్ కొడుకు టిప్పు పతనం తరువాత మైసూరులో ఆంగ్లేయుల రెసిడెంటుగా పనిచేసిన మార్క్ విల్క్స్. ఓడించిన పక్షం రాసిన చరిత్ర కనుక మెప్పునూ నిందనూ సమానంగా అనుమానించాల్సిందే.

అతని ఎత్తులన్నీ పారలేదు. బెంగళూరు సమీపంలోని హొసకోట దగ్గర, 1768 ఆగస్టులో గుత్తి పాలకుడు మురారిరావు శిబిరంపై రాత్రివేళ దాడి చేయించాడు. మురారిరావు తన రౌతులను గుర్రాలెక్కవద్దన్నాడు. చీకట్లో గుర్రం మీద కనబడ్డవాడల్లా శత్రువే. దాడి విఫలమైంది. ఈ ఘట్టంలో వివేకమంతా అవతలి పక్షానిదే. 1776లో గుత్తి కోటలో నీళ్లు అడుగంటి మురారిరావు లొంగిపోయాడు, ఖైదులోనే పోయాడు. 1779లో కడప కూడా హైదర్ వశమైంది.

1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో హైదర్ మరణించాడు. దూరాన ఉన్న టిప్పు వచ్చేదాకా హైదర్ కొలువులోని పూర్ణయ్య తదితరులు ఆ సంగతిని దాచారు. శవాన్ని ఖజానా పెట్టెలా కావలి మధ్య కోలారుకు పంపించి, సైన్యానికి మామూలుగానే ఉత్తరువులిచ్చారు.